పొలిమేర బోర్డు

"కాస్త నిచ్చెన పట్టుకో తల్లీ, కాళ్ళు వణుకుతున్నాయి" అన్నాడు బోర్డులు రాసే పెద్దాయన.

కుట్టుషాపు పెట్టుకోవడానికి ఆ ఉదయమే దిగిన అమ్మాయి నిచ్చెన పట్టుకుంది. ఆ ఊరికి ఎవరు కొత్తగా వచ్చినా, వాళ్ళ కళ్ళ ముందే పొలిమేర బోర్డు మీద జనాభా అంకె పెంచుతారు. అదే వాళ్ళ స్వాగతం.

బోర్డు మీద 2,318 ఉంది. ఆయన కుంచె రంగులో ముంచి చాలాసేపు అలాగే నిలబడ్డాడు. చివరికి ఆ ఎనిమిదినే మళ్ళీ దిద్ది కిందికి దిగాడు.

అమ్మాయి మొహం చిన్నబోయింది. "అదేంటి తాతగారూ, నేను లెక్కలోకి రానా?"

"ఎందుకు రావు, వచ్చేశావుగా! నెల కిందటే ఒకటి తగ్గించాల్సింది. రోజూ రంగు డబ్బా మోసుకొచ్చేవాణ్ణి. చేతులు రాక, వాన పడేలా ఉందని నాకు నేనే చెప్పుకుని వెళ్ళిపోయేవాణ్ణి."

"ఎవరు పోయారు?"

ఆమె చేతులు ఇంకా నిచ్చెనను వదల్లేదు. ఆయన వాటినే చూస్తున్నాడు.

"మా ఆవిడ. సరిగ్గా అక్కడే పట్టుకునేది. నా ఎనిమిదికి బొజ్జ ఎక్కువని వెక్కిరించేది."

డబ్బాకి మూత పెట్టాడు.

"ఇన్నాళ్ళూ బోర్డు మీదన్నా బతికే ఉంది తల్లీ. ఇవాళ్టితో లెక్క సరిపోయింది."