కుర్చీ పక్కన నలుపు

"వీడెవడమ్మా, మా తాత భుజం మీద చెయ్యేసి?"

కాల్‌థార్ప్ అరుపు నార్విచ్ వీధిలోకి వినపడింది. పాత రంగుల చిత్రపటాలు బాగుచేసే హెస్టర్ చేతిలో దూది చుట్టిన పుల్ల ఆగిపోయింది. నెల్లాళ్లుగా ఉమ్మితో తడిపి, ఓపిగ్గా తుడుస్తోంది. బొమ్మలో అతని తాత కెప్టెన్ యాంబ్రోస్ కూర్చున్న కుర్చీ పక్కనున్న నలుపంతా చలిమంట మసే అనుకుంది, పిచ్చిది. తీరా అది ఎవరో కావాలని పూసిన రంగు. మందుతో దాన్ని కరిగించేసరికి ఇంకో మగమనిషి బయటపడ్డాడు. కెప్టెన్ భుజం మీద అతని చెయ్యి, ఆ చెయ్యి మీద కెప్టెన్ చెయ్యి.

"మూలన రాసి ఉందండీ. 'నా సైలస్' అని."

"నోర్ముయ్! సోమవారం మ్యూజియంలో పెట్టాల్సిన బొమ్మ. ఇలాంటివాళ్లని జైళ్లలో తోస్తున్నారు, పేపర్ చూడ్డం లేదూ? నా పరువేం కాను? వాణ్ణి కప్పేస్తావా, బొమ్మంతా మంటలో పడెయ్యనా?"

అన్నంత పనీ చేసే రకం. హెస్టర్ పుల్ల కింద పెట్టింది. లిలియన్‌ని చెల్లెలని చెప్పుకుంటూ ఇరవయ్యేళ్లుగా కలిసి బతుకుతున్న మనిషి ఆమె.

"కప్పేస్తానండీ," అంది.

ముందు వార్నిష్, దానిపైన నలుపు. ఎప్పుడు కావాలన్నా తుడిస్తే పోయే రంగే వాడాలని ఆ పనివాళ్ల పద్ధతి. "కాస్త ఓర్చుకో నాయనా, ఎవరో ఒకరు నిన్ను మళ్లీ బయటికి తీస్తారు," అంటూ సైలస్ మొహం కప్పేసింది. స్టూడియోకి తాళం వేసి, తాళంచెవి వెంట తీసుకెళ్లింది.

మర్నాడు పొద్దున్నే కాల్‌థార్ప్ దిగాడు. హెస్టర్ తాళం తీసి, బొమ్మ మీది గుడ్డ లాగింది.

కుర్చీ ఉంది. కుర్చీలో కెప్టెన్ లేడు. దిండు మీద అతను కూర్చున్న గుంట మాత్రం అలాగే ఉంది.

"మా తాతేడీ? ఏం చేశావే మా తాతని?"

"నా కుంచె ఆ వైపుకే పోలేదండీ! ఒట్టు!"

కాల్‌థార్ప్ మొహం పాలిపోయింది. "తుడువమ్మా," అన్నాడు. "ఆ నలుపు తుడిచెయ్, నీకు దణ్ణం పెడతాను."

హెస్టర్ మందులో ముంచిన దూది రాసింది. నలుపు కరిగి కారింది.

లోపల ఇద్దరూ ఉన్నారు, చేతిలో చెయ్యేసుకుని, వీళ్లకి వీపు తిప్పి.