ఆలస్యంగా వచ్చేవాళ్ళు

"ష్! లోపల ఆట నడుస్తుంటే ఇక్కడేమిటీ గోల?"

హాలు తలుపు దగ్గర గుమిగూడిన పదిహేను మందీ ఒక్కసారిగా సర్దుకున్నారు.

వాళ్ళ మధ్యలో, పాతికేళ్ళుగా ఆ తలుపు కాపలా కాస్తున్న పెద్దాయన తల వంచుకు నిలబడ్డాడు. అందరూ ఆయన్ని గుసగుసల తాత అంటారు.

గద్దించింది మేనేజరు. అతను ఆ హాలుకు కొత్తగా వచ్చి పది రోజులైంది.

అక్కడ ప్రతి సాయంత్రం ఒకటే నాటకం. నాలుగు వందల ఏళ్ళ కిందట ఇంగ్లీషులో రాసింది. తర్జుమా చేసి ఆడుతున్నా పద్యాల బిగువు మాత్రం తగ్గలేదు. మేనేజరు కాలేజీలో దాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. వాళ్ళింట్లో డిగ్రీ దాకా వచ్చింది అతనొక్కడే. ఆ పద్యాలంటే అతనికి ప్రాణం.

"ఏం చెప్తున్నావు వీళ్ళకి?"

"ఆట మొదలయ్యాక మధ్యలో తలుపు తియ్యకూడదు కదండీ. ఆ రంగం అయ్యేదాకా వీళ్ళు ఆగాలి. ఈలోగా జరిగిన కథ నాలుగు ముక్కల్లో..."

"ఏదీ, చెప్పు చూద్దాం."

తాత గొంతు తగ్గించాడు. జనం దగ్గరకు జరిగారు.

"ఎత్తు కిరీటం పెట్టుకున్నాయన రాజు. మనిషి మంచివాడే, పక్కవాళ్ళు ఊదితే ఎగిరిపోయే రకం. పన్నెండేళ్ళ కిందట చెల్లెల్ని ఇంట్లోంచి పొమ్మన్నాడు. ఇప్పుడా పిల్ల మగవేషంలో వచ్చి ఆయన దగ్గరే నౌకరుగా కుదిరింది. రోజూ ఆయనకు భోజనం వడ్డిస్తోంది. ఆయన కంచంలోకి చూస్తాడే గానీ వడ్డించే మొహం వంక చూడడు. మగాళ్ళంతా ఇంతే కదా! సరే, ఇక పిల్లుల్లా వెళ్ళండి."

గుంపులో ఒక నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

మేనేజరుకు ఒళ్ళు మండింది.

"అంత గొప్ప నాటకాన్ని వంటింటి కబుర్లు చేసేశావు! ఇకమీదట తలుపు దగ్గర నోరు విప్పావంటే ఊరుకోను."

"మాట్లాడకుండా నిలబడాలా బాబూ?"

"నీ పని అదేగా."

తాత మూసిన తలుపు వంక చూశాడు.

"అలాగేనండీ" అన్నాడు.

మర్నాడే కథాసారం చక్కటి భాషలో అచ్చు వేయించి గోడకు బోర్డు తగిలించాడు మేనేజరు. దాని పక్కన తాత రెండు వారాలు స్తంభంలా నిలబడ్డాడు. మూడో వారం రాలేదు.

వయసైపోయిందిలే అనుకుని మేనేజరు ఇంకొకర్ని పెట్టుకున్నాడు.

నెల తిరిగేసరికి ఆలస్యంగా వచ్చేవాళ్ళు ఒక్కరూ లేరు. మేనేజరు మీసం మెలేశాడు.

మరో నెలకు, వేళకు వచ్చేవాళ్ళూ పలచబడ్డారు. హాలు నడిపే ట్రస్టు పెద్దల నుంచి కబురొచ్చింది. "నెలాఖరు దాకా చూస్తాం. హాలు నిండకపోతే ఆ పాత నాటకం ఆపేసి ఫర్నిచరు అమ్మకాలకు అద్దెకిచ్చేస్తాం."

ఆ సాయంత్రం మేనేజరు ఖాళీ కుర్చీల మధ్య ఒక్కడే కూర్చుని ఆట చూశాడు. రాజు పద్యం ఎదురుగోడకు కొట్టుకుని మళ్ళీ రాజు దగ్గరికే వస్తోంది.

మర్నాడు బస్సులో టిక్కెట్టు చింపుతున్న కండక్టరును గుర్తుపట్టాడు. వారం వారం ఆలస్యంగా వచ్చే మనిషి.

"ఆటకు రావడం మానేశారేం? డ్యూటీ వేళ మారిందా?"

"డ్యూటీదేముంది సార్! నేనెప్పుడూ అరగంట ముందే వచ్చేవాణ్ణి. ఎదురుగా టీకొట్లో కూర్చుని, తలుపు మూశారని రూఢి చేసుకున్నాకే లేచేవాణ్ణి. నేనొక్కణ్ణే కాదు, ఆ బల్ల మీద అందరం అంతే."

"అదేమిటి?"

"వేళకొస్తే తాత కథ దొరకదుగా! ఆయన చెప్పాక లోపలికెళ్తే ఆ పద్యాలన్నీ మా ఇంటి గొడవల్లా అర్థమయ్యేవి. మీ బోర్డు చదివితే... ఏమీ అనుకోకండి, ఆవలింతలొస్తున్నాయి."

మేనేజరు తర్వాతి స్టాపులో దిగి, తాత ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు.

మేడ మీద ఒక గది. తాత కూతురు తలుపు తీసింది. తాత కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు.

"తప్పు నాదే. మీరు రేపటినుంచి రావాలి. మీరు రాకపోతే ఆ నాటకం ఆగిపోతుంది. మీకు ఎలా తోస్తే అలాగే చెప్పండి, నేను అడ్డురాను."

తాత మొహం విప్పారింది. గొంతు సవరించుకున్నాడు.

"ఎత్తు కిరీటం పెట్టుకున్నాయన రాజు. మనిషి మంచివాడే..."

పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకున్నాడు. మళ్ళీ అక్కడే ఆగాడు.

"చెప్పుడు మాటలు విని చెల్లెల్ని వెళ్ళగొట్టాడు" అంటూ మేనేజరు అందించాడు.

"కాదు బాబూ. ఆవిడ అలా అనలేదు."

"ఎవరు?"

తాత కిటికీ వైపు తిరిగిపోయాడు.

కూతురు మెట్ల దాకా వచ్చింది.

"నాన్న మీద కోపం తెచ్చుకోకండి. రోజూ చెప్తుంటే గుర్తుండేది. మానేశాక ఒక్కో మాటా జారిపోయింది."

"పాతికేళ్ళుగా చూసిన నాటకం కదమ్మా, ఎలా మర్చిపోతారు?"

"ఆయనెక్కడ చూశారు సార్? ఆయన ఉద్యోగం తలుపు బయట. లోపల తెర పక్కన కూర్చుని వేషాలకు బట్టలు కుట్టింది మా అమ్మ. ఆట అయ్యాక ఇద్దరూ ఇంటికి నడిచొస్తుంటే దారి పొడుగునా ఆవిడే చెప్పేది."

మేనేజరు కాలు మెట్టు మీదే ఆగిపోయింది.

"అమ్మగారు..."

"పోయి తొమ్మిదేళ్ళు" అంది కూతురు. "అప్పట్నుంచీ రోజూ ఆ తలుపు దగ్గర మాట్లాడింది నాన్న కాదు సార్, అమ్మ."