జంట సీసాలు

మిషను బాబాయే అబద్ధమాడుతున్నాడని చిట్టికి రూఢి అయిపోయింది.

సముద్రపు అడుగు మట్టిని పరీక్షించే ల్యాబు అది. మట్టిని ఎండబెట్టి, జల్లించి, ద్రావకంలో నానబెట్టేది చిట్టి. ఆ ద్రావకాన్ని మిషనుకెక్కించి, అందులో తారు విషాలు ఏపాటి ఉన్నాయో తేల్చేది బాబాయి. ల్యాబులో అందరికీ ఆయన బాబాయే. సీసా పట్టుకోవడం దగ్గర్నుంచీ చిట్టికి పని నేర్పింది ఆయనే.

ఫ్యాక్టరీ కాలువ సముద్రంలో కలిసేచోట తీసిన మట్టి, మూత తెరిస్తే చాలు, ముక్కు బద్దలయ్యేలా తారు కంపు. అక్కడ ఆల్చిప్పలు ఏరుకునే పిల్లల కాళ్ల నిండా పుళ్లు. రిపోర్టు మాత్రం రెండేళ్లుగా ‘ప్రమాదం లేదు’ అనే వస్తోంది. మేడమీద ఆఫీసులో ఆయనిచ్చిన అంకెల్నే కదా సాపు రాసేది! ఇంకెవరు మారుస్తారు?

“నమ్మినవాడే నట్టేట ముంచాడక్కా,” అని ఓ రాత్రి కంచం ముందు కూర్చుని ఏడ్చేసింది. అమ్మా నాన్నా పోయాక చిట్టిని సాకింది అక్కే. చదివించిందీ, తను పనిచేసే ల్యాబులోనే ఉద్యోగం ఇప్పించిందీ అక్కే. అక్క దగ్గర చిట్టి కడుపులో మాట ఏనాడూ దాగదు.

“ఛ, ఆయన అలాంటివాడు కాదే. పిచ్చి అనుమానంతో ముసలాయన నోటికాడి కూడు తీయకు,” అంది అక్క.

“అందుకే ఓ ఎత్తు వేశాను.”

కాలువ దగ్గర తీసిన మట్టినే చిట్టి రెండు సీసాల్లో నింపింది. ఒకదానిమీద ‘కాలువ’ అనీ, రెండోదానిమీద ‘నడిసముద్రం’ అనీ రాసింది. దొంగ అయితే కాలువ అంకెనే తగ్గిస్తాడు, నడిసముద్రం జోలికి పోడు. రెండింటికీ పొంతన కుదరకపోతే దొంగ దొరికినట్టే.

“అమ్మో, నువ్వు సామాన్యురాలివి కాదే!” అని అక్క నవ్వి, మరో గరిటెడు కూర వడ్డించింది.

వారం తిరిగేసరికి రిపోర్టు వచ్చింది. కాలువ 12.4. నడిసముద్రం 12.4. యాభై దాటితేనే ప్రమాదం.

చిట్టికి తల కొట్టేసినట్టయింది. దేవుడిలాంటి మనిషిని దొంగని చేసింది! ముక్కే తనని మోసం చేసిందనుకుంది.

“చెప్పానా?” అంది అక్క. “ఆయనతో మాత్రం ఈ మాట అనకు. పాపం, నొచ్చుకుంటాడు.”

కానీ చిట్టి మనసు ఊరుకుంటేగా! మర్నాడు పొద్దున్నే మిషను గదిలోకి వెళ్లి, “తప్పయిపోయింది బాబాయ్,” అంటూ రిపోర్టు ఆయన చేతిలో పెట్టి, జరిగిందంతా చెప్పేసింది.

ఆయన కోప్పడలేదు. కళ్లజోడు సవరించుకుని ఆ కాగితం చదివాడు.

“ఒకటే మట్టయినా అంకెలు ఇలా అచ్చుగుద్దినట్టు రావమ్మా. ఒకే ముద్దలో ఈ చిటికెడుకీ ఆ చిటికెడుకీ కాస్తయినా తేడా ఉంటుంది. పాతికేళ్లుగా ఈ మిషనుతో కాపురం చేస్తున్నాను, చుక్క తర్వాతి అంకెతో సహా కలవడం ఒక్కనాడూ చూళ్లేదు.”

తన పుస్తకం తీసి ఆ రెండు సీసాల అంకెలూ చూపించాడు. ఎనభై నాలుగు. డెబ్భై తొమ్మిది.



“ఇవి మేడమీదికి పంపడం వరకే నా పని. రిపోర్టులు మళ్లీ నా గదికి రావు,” అన్నాడు బాబాయి. “రెండూ ఒకటే మట్టని తెలిసినవాళ్లే, నీకు అనుమానం రాకుండా ఇలా సమానం చేసి రాస్తారు. సీసాల సంగతి ఎంతమందికి చెప్పావు?”

“ఒక్కరికే,” అంది చిట్టి.

రిపోర్టు అడుగున, ఎప్పటిలాగే, అక్క సంతకం ఉంది.