దగ్గు రాని రోజు

డాక్టరమ్మ ముందు కూర్చున్నాక కూడా చెన్నరాయప్పకు దగ్గు రాలేదు.

పక్కన నిలబడ్డ గౌరికి తల కొట్టేసినట్టయింది. రాత్రిళ్లు నాయన దగ్గుకు నెలలుగా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదని ఇప్పుడే చెప్పింది మరి.

"నాలుగు దినాలుగా తగ్గిందమ్మా," అన్నాడాయన.

డాక్టర్ తమిళ్‌సెల్వి కాగితాలు తిరగేసింది. "ఊదిన పరీక్షలో ఆస్తమా మాదిరీ ఉంది, పొగ జబ్బు మాదిరీ ఉంది. ఇంక రక్తమే చెప్పల్ల. ఇయోసినోఫిల్ అని ఒక రకం కణాలుంటాయి. అవి ఎక్కువుంటే ఆస్తమానే, పీల్చే మందుకు లొంగుతాది. తక్కువుంటే పొగ జబ్బే. ఫ్యాక్టరీలో కొలిమి పని విడవాల్సిందే."

ఆ పని పోతే తన ప్లస్‌టూ చదువు ఆగిపోతుందని, తళి ఊళ్లో గులాబీలు పెంచే షెడ్లలో కూలికి పోవాల్సిందేనని గౌరికి తెలుసు.

"మాత్రలేమైనా మింగినారాప్పా? నొప్పులకని అంగట్లో ఇచ్చేవాట్లో కూడా స్టెరాయిడ్ ఉంటాది. అది మింగితే ఆ కణాలు కనబడకుండా పోతాయి."

"మాత్రా? జ్వరమొచ్చినా ముట్టను. మా గౌరిని అడుగు."

"నిజమే మేడమ్. మా అవ్వ బతిమాలినా మింగడు," గౌరి గొణిగింది.

రక్తం తీశారు. బయట బెంచీ మీద గౌరి చున్నీ కొసను మెలిపెడుతూ కూర్చుంది.

"ఏందే, పరీక్ష నాకు, చెమట నీకా?" నవ్వాడు నాయన.

ఫలితం చూసి డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

"దాదాపు లేనే లేవప్పా. పొగ జబ్బే."

హోసూరు బస్టాండులోనే చెన్నరాయప్ప సూపర్‌వైజరుకు ఫోన్ చేశాడు. "రేపట్నుంచి రాలేనప్పా. వేరే మనిషిని చూసుకో." బస్సు తమ ఊరు అత్తిముగం చేరేదాకా గౌరి కిటికీలోంచి తల తిప్పలేదు.

ఇంట్లో అవ్వ అంగాళమ్మ చకచకా నడుస్తూ సంగటి తెచ్చింది. పోయిన నెల దాకా ఆమె గోడ పట్టుకోనిదే లేవలేకపోయేది. అంగటి మాత్రలు దేవుడిచ్చిన మందులని ఊరంతా చెప్పుకుంటోంది.

చెన్నరాయప్ప ముద్దను పులుసులో అద్ది, ఎప్పటిలాగే నమలకుండా గుటుక్కున మింగాడు.

"డాక్టరమ్మ ముందర దగ్గినావా?" అడిగింది అంగాళమ్మ.

"లేదుమ్మా."

ఆమె ముఖం వెలిగిపోయింది. మనవరాలి వైపు వంగి, కొడుక్కి వినబడకుండా గుసగుసలాడింది.

"నా మోకాళ్ల మాత్ర దినమూ వాడి ముద్దలో పెడతా ఉండా!"