అప్పగింత రిహార్సల్

ఖమ్మంలో వెబ్‌సైట్ల పేర్లు రిజిస్టరు చేసే ఆఫీసు చేతులు మారుతోంది. కొన్నదెవరో మేనేజరు బలరాంకు తెలియదు. రేపే వస్తారట. అప్పగింతలో తడబడకూడదని రిహార్సల్ పెట్టి, ఆపరేటరు సక్రిని కొత్త ఓనరుగా తన కుర్చీలో కూర్చోబెట్టాడు.

కూతుర్ని అత్తారింటికి పంపే తండ్రిలా కీబోర్డును ఆమె చేతుల్లో పెట్టి ముక్కు చీదాడు.

"పైలంగ చూసుకోండ్రి మేడం. మా సక్రి నౌకరి తియ్యకుండ్రి."

"తియ్యను. మరి నీ సంగతేంది?"

"నన్నెందుకు పెట్టుకుంటరు మేడం?"

"పెట్టుకున్న, పో!" అంటూ సక్రి ఆఫీసు కంప్యూటరు పాస్‌వర్డు మార్చేసింది.

బలరాం పడీ పడీ నవ్వాడు. "మస్తు చేసినవ్ సక్రీ! ఇగ పాత పాస్‌వర్డే పెట్టు."

"పెట్టను సార్. కొన్నది మా తండా సంఘమే. రేపు జల్దీ రాండ్రి, అందరి ముందర మల్లొక్కసారి గిట్లనే ఏడ్వాలె."