ఎవరింటి నీసు

నంద్యాల నూనె వ్యాపారి శేషయ్య ముక్కు మూసుకుని మేడ దిగాడు. కింద అద్దెకున్న ఓబులమ్మ గడప ముందు ఉమ్మేశాడు.

"మా హాలంతా మాంసం కంపు! రేపే ఖాళీ చేయి."

"శ్రావణమాసమన్నా! ఈ నెల మేం నీసు ముట్టం."

"అబద్ధాలు చెప్తాండావా? థూ!"

ఆమె సామాను ఆటోకెత్తించి ఆళ్లగడ్డలో పుట్టింటికి వెళ్లిపోయింది.

కంపు పోలేదు. పైగా హాల్లో లైట్లు వేస్తే ఇంకా ఎక్కువైంది.

మేస్త్రీ వచ్చి ఏటవాలు సీలింగులో బిగించిన లైటు ఊడదీశాడు. ఎండ వేడి దిగకుండా శేషయ్య దగ్గరుండి సీలింగుకూ కప్పుకూ మధ్య నింపించిన శెనక్కాయ పొట్టు బుస్సున రాలింది. దాంతోపాటు, లైటు వేడికి కమిలి చచ్చిన ఎలుకలు.

భార్య కొంగుతో ముక్కు మూసుకుంది. "ఇన్నాళ్లూ నీసు వండుతాండింది మనమే!"

శేషయ్య నోట్లో ఉమ్మి ఊరింది. ఈసారి ఉమ్మడానికి తన గడపే మిగిలింది.