రెండూ ఒకటి కావు

నేను పీహెచ్‌డీ చేస్తున్న ప్రొటీన్ స్ఫటికంలో జంటగా ఉండే రెండు అణువులూ అచ్చు ఒకేలా ఉంటాయని మా గైడు సార్ పదేళ్ళ క్రితం తేల్చారు. ఆయనకి పేరు తెచ్చింది ఆ పరిశోధన పేపరే. దాన్ని నమ్మి నా కొత్త స్ఫటికానికి నమూనా కడుతుంటే, నమూనాకీ డేటాకీ తేడా వారం రోజులుగా నలభై శాతం దగ్గరే మొండికేసింది.

రెండూ వేరువేరనుకుని మళ్ళీ చేశాను. తేడా ఇరవై నాలుగుకి దిగింది. సార్ పాత డేటా తీసి చూస్తే అక్కడా అంతే. మందు అతుక్కునే గుంట రెండు అణువుల్లో ఒక్కదానికే ఉంది.

ఆ గుంట రెండింటికీ ఉందని నమ్మి చేసిన మందు వచ్చే నెల మనుషుల మీద పరీక్షకి వెళ్తోంది. నా డిగ్రీ మీద సంతకం పెట్టాల్సింది సారే. మూడు రోజులు ఆ లెక్కలే మళ్ళీ మళ్ళీ చేసి చూశాను.

నాలుగో రోజు కాగితాలు ఆయన ముందు పెట్టాను. చివరి పేజీ దాకా చదివారు. తర్వాత లేచి తలుపు గడియ పెట్టారు.

"ఇంకెవరికైనా చెప్పావామ్మా?"

"లేదు సార్."

సొరుగులోంచి ఒక ఉత్తరం తీసి ఇచ్చారు. తప్పు జరిగింది, పేపరు వెనక్కి తీసుకుంటున్నానని, దాన్ని అచ్చేసిన పత్రికకి రాసింది. కింద ఆయన సంతకం, ఆరేళ్ళ కిందటి తేదీ.

"ఎవరో ఒకరు ఇలా వస్తారని అప్పట్నుంచీ భయపడుతూనే ఉన్నాను," అన్నారు. "కూర్చోమ్మా. నువ్వు తోడుంటే ఇప్పుడు దీన్ని పంపగలను."